కొండెక్కిన దీపాలదిన్నె

1816లో కల్నల్ కాలిన్ మెకంజీ రెండోసారి అమరావతి చేరేసరికి దిబ్బ నడిమధ్య చెరువు తవ్వేసి ఉంది. అంతకు పద్దెనిమిదేళ్ళ ముందు, 1798లో, ఆయన తొలిసారి చూసినప్పుడు అక్కడ మట్టి కప్పుకున్న పెద్ద ఇటుకల మేట ఉండేది. అంచుల వెంట తెల్లటి రాతిపలకలు సగం బయటికి తేలి, వాటి మీద మనుషులు, ఏనుగులు, చెట్లు, పడగలెత్తిన నాగులు కనిపించేవి. ఊరివాళ్ళు దాన్ని దీపాలదిన్నె అనేవారు. ఏ కాలందో, దేనికి కట్టారో చెప్పగల మనిషి అప్పటికి ఆ ఊళ్ళో లేడు. మెకంజీకీ తెలియదు. జైనులదేమో అనుకున్నాడు. తెలియకపోయినా, అది మామూలు దిబ్బ కాదని మాత్రం ఆయన కన్ను పట్టేసింది. ఆ తరవాత శ్రీరంగపట్నం యుద్ధం, మైసూరు సర్వే, జావా దీవి దండయాత్ర, మళ్ళీ మద్రాసు. ఇన్నేళ్ళూ ఆ పలకలు ఆయన మనసులోంచి పోలేదు. తిరిగొచ్చేనాటికి వయసు అరవై దాటింది. రాళ్ళు సగానికి సగం లేవు.

వాటిని దోచింది పరాయి సైన్యం కాదు. ఆ ఊరిని ఊరుగా నిలబెట్టిన ప్రభువే. చింతపల్లిలో కంపెనీవాళ్ళతో పొసగక, 1796 ప్రాంతంలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన మకాం అమరేశ్వరుడి చెంతకు మార్చుకున్నాడు. కొత్త రాజధానికి ఇళ్ళు కావాలి, మేడలు కావాలి, గుళ్ళు బాగుచేయాలి. రాయి కోసం వెతుకుతుంటే పక్కనే దిబ్బ. తవ్వితే చెక్కి సిద్ధంగా ఉన్న రాయి, కాల్చి సిద్ధంగా ఉన్న ఇటుక. మోసుకుపోవడమే తరువాయి.

గుంటూరు సీమలో ఇప్పటికీ ఆయన పేరు గౌరవంగానే తలుస్తారు. దాత అనీ, శివభక్తుడనీ, గుళ్ళకు గోపురాలెత్తించినవాడనీ. చెంచులను నమ్మించి చంపించాడనీ, ఆ పాపం పీడించి విస్తట్లో అన్నం పురుగులై కనిపించేదనీ, ప్రాయశ్చిత్తం కోసమే అమరావతిలో గుడి బాగుచేయించాడనీ కూడా జనం చెప్పుకుంటారు. అందులో నిజమెంతో ఎవరూ తేల్చలేరు. రాళ్ళ లెక్క మాత్రం మెకంజీ రాసిపెట్టాడు. కొన్ని గుడికి చేరాయి, కొన్ని శివగంగ చెరువు మెట్లలో ఇమిడాయి, కొన్ని మసీదుకు వెళ్ళాయి. వాడే ముందు పలకల మీది బొమ్మల్ని అరగదీసి నున్నగా చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ప్రాయశ్చిత్తం కథ నిజమే అయితే, ఒక పాపం కడుక్కోవడానికి అహింస చెప్పిన బుద్ధుడి చైత్యాన్ని విప్పి వాడుకున్నట్టు. రాజుకు ఆ సంగతి తెలిసే వీలే లేదు. అందుకే ఆయన్ని తిట్టబుద్ధి కాదు. అయినా కడుపు తరుక్కుపోతుంది.

రాయి ఒక్కటే కాదు, నిధి మీదా ఆశ ఉండేది. మా చోడవరం వైపు పల్లెల్లో ఈనాటికీ పాత దిబ్బ కంటపడితే లంకెబిందెల మాట వస్తుంది. రెండువందల ఏళ్ళ కిందట అమరావతిలో ఇంకెంత వచ్చి ఉంటుంది! దిబ్బ మధ్యలోకి తవ్వుకుంటూ పోయారు. ఒక రాతి పేటిక దొరికిందనీ, దాని లోపల స్ఫటికపు భరిణె, అందులో చిన్న ముత్యం, కాస్త బంగారు రేకు ఉన్నాయనీ తరవాతి దొరల నివేదికల్లో ఉంది. పెద్ద విలువైనదేమీ కాదని దాన్ని తేల్చేశారు. ఆసియా ఖండంలో సగం దేశాలు బుద్ధుడి ఏ ధాతువు, అంటే అస్థి అవశేషం, పేరు చెబితే చేతులు జోడిస్తాయో, అలాంటి ధాతువును దాచే పేటిక అది. ఆ చిన్న భరిణె కోసమే ఆ కొండంత కట్టడం లేచింది. చుట్టూ ఉన్న ప్రాకారమే సుమారు 190 అడుగుల వ్యాసం. దాని లోపల గుమ్మటం, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో మొదలై, శాతవాహనుల కాలంలో నిండు రూపు దిద్దుకున్న మహాచైత్యం. 1344లో కూడా సింహళం నుంచి ధర్మకీర్తి అనే భిక్షువు వచ్చి ధాన్యకటకంలో, అంటే ఇక్కడే, ఆలయం బాగుచేయించాడని సింహళంలోని గడలదేణియ శాసనం చెబుతోంది. అంటే పదిహేను వందల ఏళ్ళకు పైగా దీపం వెలుగుతూనే ఉందన్న మాట. ఆ తరవాత నాలుగున్నర శతాబ్దాల్లో ఊరు ఊరంతా దాన్ని మరిచిపోయింది.

చెరువైపోయిన దిబ్బ ఒడ్డున నిలబడి ఆ ముసలి సర్వేయరు ఏం అనుకున్నాడో ఎక్కడా రాయలేదు. ఏం చేశాడో తెలుసు. రాళ్ళు మోసుకుపోయేవాళ్ళతో పరుగు పందెం వేసినట్టు గీయించడం మొదలుపెట్టాడు. అప్పటికే ఆయన మొత్తం భారతదేశానికి సర్వేయర్ జనరల్. 1815లో ఆ పదవి ఇచ్చారు, కలకత్తా వెళ్ళి కూర్చోవాలి. ఆయన మద్రాసు విడిచి కదలడానికి 1817 దాకా ఆగాడు. ఈలోగా నక్షా గీసేవాళ్ళను అమరావతిలో దించి, మిగిలిన ప్రతి పలకనూ కొలిపించి, నీడలతో సహా కాగితం మీదికి ఎక్కించాడు. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ పని 1819 దాకా సాగింది. ఆ ఆల్బం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో గీసిన పలకలు కొన్ని ఆ తరవాత ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. కాగితం మీద తప్ప అవి ఎక్కడా లేవు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మెకంజీ ఒంటరిగా పరిగెత్తలేదు. ఆయనకు తెలుగు రాదు, సంస్కృతం రాదు. కళ్ళూ చెవులూ నోరూ అయినవాళ్ళు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వాళ్ళలో బొర్రయ్య, పాత కన్నడ శాసనాల లిపిని విప్పి చదివిన మేధావి, 1803లో ముప్పయ్యేళ్ళు నిండకుండానే పోయాడు. ఆయన స్థానంలోకి తమ్ముడు లక్ష్మయ్య వచ్చాడు. ఊరూరా కరణాల దగ్గర కూర్చుని కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించిందీ, గుడి గోడల మీది రాతలకు నకళ్ళు తీయించిందీ ఇలాంటివాళ్ళే. 1816లోనే థామస్ హికీ గీసిన తైలవర్ణ చిత్రంలో ఎర్ర కోటు తొడుక్కున్న మెకంజీ పక్కన అంగరఖాలు కట్టిన ఇద్దరు పండితులూ, దుర్భిణి పట్టుకున్న జవానూ కనిపిస్తారు. దొర పేరే చరిత్రలో పడింది. ఆ పని సగం మనవాళ్ళది.

ఆ పరుగులో గెలిచే వీలు మొదటి నుంచీ లేదు. మెకంజీ ఒక్కో పలకను గీయిస్తున్న రోజుల్లోనే ఇంకెవరో ఇంకో పలకను మోసుకుపోతున్నారు. పైగా పల్నాటి సున్నపురాయి కదా అది, బట్టీలో వేస్తే మంచి సున్నం అవుతుంది. కాల్చుకున్నారు కూడా. బోధిచెట్టు కింద పాదముద్రలకు మొక్కుతున్న స్త్రీలను చెక్కిన రాయి ఎవరి ఇంటి వెల్లగానో మారి గోడకెక్కింది. మెకంజీ కూడా చేతనైనన్ని పలకలు కలకత్తాకూ మద్రాసుకూ పంపించాడు. కాపాడదామనే పంపాడు. కానీ ఆ దారి తొక్కిన మొదటి హితుడు ఆయనే. ఆయన వెనక వచ్చిన హితులంతా అదే దారి పట్టారు.

రాజా వెంకటాద్రి నాయుడు ఆ 1816లోనే కన్నుమూశాడు. దత్తపుత్రులిద్దరూ ఆస్తి కోసం కోర్టులకెక్కారు. కొన్ని దశాబ్దాలు తిరక్కుండా ఆ మహా సంస్థానం బకాయిల కింద కంపెనీ పరమైంది. చైత్యాన్ని విప్పి కట్టిన రాజ్యం రెండు తరాలు కూడా నిలవలేదు. మెకంజీ కలకత్తాలో జబ్బుపడి, గాలి మార్పు కోసం హుగ్లీ నది మీద పడవలో వెళుతూ 1821 మే 8న పోయాడు. 1783లో మద్రాసు చేరిన మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా పుట్టిన లూయిస్ దీవికి తిరిగి వెళ్ళలేదు. తను చూసిందంతా పుస్తకంగా రాయాలన్న కోరిక అలాగే మిగిలిపోయింది. విడిచి వెళ్ళింది 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు, 2,630 బొమ్మలు, వేల కొద్దీ రాతప్రతులు. భార్య దగ్గర కంపెనీ వాటిని లక్ష రూపాయలకు కొన్నది. మిగిలిన పని నేను పూర్తి చేస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, అంత సమర్థత ఈయనకు లేదని కలకత్తా పండిత దొరలు తోసిపుచ్చారు. మెకంజీకి అన్నీ వెతికి తెచ్చి చేతిలో పెట్టినవాడికి సమర్థత లేదట! ఈ కథలో నాకు అన్నిటికంటే నొప్పి పుట్టించే చోటు ఇదే.

తరవాతి కథ వేగంగా దిగజారింది. మచిలీపట్నం కలెక్టరు రాబర్ట్‌సన్ కొన్ని పలకలు తెప్పించి తన పేరుతో కట్టించిన పేటలో అలంకారంగా నిలబెట్టాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవి మద్రాసు చేరి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు, మరుసటి ఏడాది ఓడెక్కించారు. నూట ఇరవైకి పైగా రాళ్ళు థేమ్స్ ఒడ్డున గోదాములో పడ్డాయి. అక్కడి నుంచి ఓ పాత భవనం బండ్ల కొట్టంలోకి మారాయి. 1867 ప్రాంతంలో జేమ్స్ ఫెర్గుసన్ ఆ కొట్టంలో చెత్త మధ్య వాటిని చూసి నిర్ఘాంతపోయి లోకానికి చెప్పాడు. 1880 దాకా బ్రిటిష్ మ్యూజియంలో వాటికి చోటు దొరకలేదు.

అక్కడున్న వాటిల్లో ఒక పలక దగ్గర కాసేపు ఆగాలి. దానికి రెండు వైపులా బొమ్మలున్నాయి. వెనక వైపు పాత పని. బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుణ్ణి మనిషిగా చూపడానికి శిల్పి చెయ్యి ఇంకా రాని రోజులవి. మూడు వందల ఏళ్ళ తరవాత ఎవరో అదే పలకను తిప్పి, ఇవతలి వైపు సాక్షాత్తు ఆ మహాచైత్యాన్నే చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, వరసగా అయిదు ఆయక స్తంభాలు, గుమ్మటం నిండా దండలు, పైన గొడుగులు, గాల్లో ఎగిరొస్తున్న దేవతలు. అమరావతి స్తూపం ఎలా ఉండేదో ఈనాడు మనం చెప్పగలుగుతున్నామంటే ఇలాంటి పలకల పుణ్యమే. అసలుది పోయింది, అది తన ఒంటి మీద చెక్కించుకున్న తన బొమ్మ మిగిలింది. ఇంకో చోట రామగ్రామ స్తూపాన్ని చుట్టలు చుట్టుకుని కాపలా కాస్తున్న నాగులను చెక్కారు. ధాతువుల కోసం అశోకుడే వచ్చినా ఆ నాగులు ఇవ్వలేదని కథ. మన చైత్యానికి అలాంటి నాగులు రాతి మీద తప్ప బయట లేకపోయారు.

చివరి దెబ్బ కొట్టినవాడు ప్రభుత్వాధినేత. 1877లో రాబర్ట్ సెవెల్ కొంత మేర జాగ్రత్తగా తవ్వి, ఎక్కడ ఏ రాయి ఉందో రాసుకున్నాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ మొత్తం దిబ్బను శుభ్రం చేయమని హుకుం జారీ చేశాడు. కూలీలను పెట్టి ఊడ్చేశారు. ఏ రాయి ఎక్కడ నిలబడి ఉండేదో గుర్తు పెట్టిన నాథుడు లేడు. మరుసటి ఏడాది జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే ఓ పెద్ద గొయ్యి, గట్టు మీద పడేసిన రాళ్ళు. మిగిలినవాటినైనా అక్కడే ఉంచుదాం, ఎక్కడివక్కడ ఉంటేనే వాటికి అర్థం అని హెచ్. హెచ్. కోల్ అనే అధికారి వాదించాడు. ఆయన మాట చెల్లలేదు. మంచివన్నీ మద్రాసుకు తరలించి, ఎగ్మూరు మ్యూజియం గోడల్లో సిమెంటు పెట్టి బిగించేశారు.

న్యాయంగా చెప్పాలంటే, తరలించకపోతే మరికొన్ని సున్నపు బట్టీల పాలయ్యేవి. అది కాదనలేను. కానీ లెక్క చూడండి. దోచినవాడు రాయి పట్టుకుపోయాడు, కాపాడినవాడూ రాయి పట్టుకుపోయాడు. దిబ్బకు ఇద్దరూ ఒకటే అయ్యారు.

ఈ పరుగు చివరి అంచె మా వైపు సాగింది. మద్రాసు పురావస్తు శాఖలో అలెగ్జాండర్ రీ అని ఒకాయన ఉండేవాడు. బర్జెస్ దగ్గర పని నేర్చుకున్నవాడు. మా వైపు రావడానికి ముందు, 1892లో, ఆయన భట్టిప్రోలు వెళ్ళేసరికి అక్కడి స్తూపాన్ని అప్పటికే రోడ్డుకూ కాలవ తూముకూ వాడేశారు. రీ నిరాశపడకుండా మధ్యలోని గొట్టం లాంటి గోతిలోకి ఇంకా కిందికి దిగాడు. ముందువాళ్ళ గునపం అందని లోతులో మూడు రాతి పేటికలు బయటపడ్డాయి. స్ఫటిక భరిణెలు, బంగారు పూలు, అస్థి శకలం, మూతల మీద కుబేరకుడనే రాజు పేరుతో శాసనాలు. తెలుగు నేల మీద దొరికిన అతి ప్రాచీన రాతల్లో అవి కొన్ని. దిబ్బల కోసం జరిగిన ఆ వందేళ్ళ పరుగులో మనవైపు ముందు చేరింది ఆ ఒక్కసారే. ఆ ధాతువు కూడా ఇక్కడ ఉండలేదు. మహాబోధి సొసైటీకి ఇచ్చారు, 1920లో కలకత్తా ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు.

అదే రీ, ఉద్యోగ విరమణ దగ్గరపడుతున్న వయసులో, 1907-08లో అనకాపల్లి పక్కన శంకరం వచ్చాడు. తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. ఇక్కడ ఆయనకు సముద్రగుప్తుడి బంగారు నాణెం, విషమసిద్ధి అన్న బిరుదున్న తూర్పు చాళుక్యుల నాణేలు, శాతవాహనుల సీసపు నాణెం, మట్టి ముద్రలు దొరికాయి. అన్నిటికంటే పెద్దది ఎదురుగానే ఉంది. బొజ్జన్నకొండ నెత్తిన స్తూపాన్ని కట్టలేదు, కొండనే చెక్కి గుమ్మటంగా మలిచి పైన ఇటుక తొడిగారు. కింద రెండంతస్తుల గుహ. పదహారు స్తంభాల మండపం మధ్య ఏకశిలా స్తూపం, ద్వారానికి అటూ ఇటూ ద్వారపాలకులు. లింగాలకొండ మీద వరసలు వరసలుగా రాతి స్తూపాలు. జనానికి అవి లింగాల్లా తోచి కొండకు ఆ పేరు పెట్టారు.

ఇటుకలు చాలావరకు రాలిపోయాయి. రాయి మాత్రం అక్కడే ఉంది. దాన్ని ఏ రాజూ తన మేడకు మోయించలేడు, ఏ గవర్నరూ ఓడెక్కించలేడు, ఏ మ్యూజియమూ గోడకు అంటించలేదు. కొండలో భాగం కాబట్టి బతికింది. అమరావతికి లేని అదృష్టం శంకరానికి దక్కింది అందుకే. దాన్ని మనం ఎలా చూసుకున్నాం? కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ళ జనం తిరునాళ్ళలా కొండకు వస్తారు. అక్కడున్న బొజ్జ రూపాన్ని రాక్షసుడనుకుని రాళ్ళు రువ్వే అలవాటు ఏళ్ళ తరబడి సాగింది. ఇంటాక్ లాంటి సంస్థలూ అధికారులూ పూనుకుని దాన్ని మాన్పిస్తూ వచ్చారు. వాళ్ళకు నమస్కారం పెట్టాలి. రువ్వినవాళ్ళు దుర్మార్గులు కారు. దీపాలదిన్నె రాళ్ళు మోసిన కూలీలూ కారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళకు తెలియలేదు, అంతే.

అందుకే చోడవరం, మాడుగుల, అనకాపల్లి బడుల పంతుళ్ళను ఒక్కటి అడుగుతున్నాను. తిరుపతి, అరకు విహారయాత్రలు ఎలాగూ ఉంటాయి. ఏడాదికోసారి మన పిల్లల్ని శంకరం కూడా తీసుకెళ్ళండి. పదహారు స్తంభాల మధ్య నిలబెట్టి, ఇది ఎవరు చెక్కారు, దేనికి చెక్కారు, అమరావతిలో ఇలాంటిదే ఎలా పోయింది అని చెప్పండి. గోడ మీద పేరు గీకే చేతిని అక్కడే ఆపండి. రాలిన ఇటుక ముక్కను సరదాకి కూడా ఎవరూ ఇంటికి తెచ్చుకోకుండా చూడండి. దీపాలదిన్నె అలా ముక్కలు ముక్కలుగానే పోయింది.